పాత కారుకు ఏ కందెన?

“కందెన వేయని బండికి కావలసినంత సంగీతం” అని సామెత. ఎడ్లబండ్ల కాలంలో వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంతో కలిపి కందెన చేసుకొని, బండి కట్టబోయే ముందు ఇరుసుకు పట్టించేవారు. ఆ పని మరచిపోతే బండి దారి పొడుగునా కిర్రుమని మొరపెట్టుకొనేది. మోటారుకారు అట్లా మొరపెట్టుకోదు. ఇంజనులోని నూనె చెడిపోయినా చాలాకాలం వరకు దాని చప్పుడులో తేడా వినిపించదు. వినిపించేనాటికి లోపలి భాగాలు అరిగిపోయి ఉంటాయి. అరిగిన లోహాన్ని ఏ నూనె కూడా తిరిగి తీసుకొని రాలేదు.

కనుక కారుకు ఏ నూనె పోయాలి, ఎన్నాళ్ళకు మార్చాలి అనే ప్రశ్నలకు చప్పుడును బట్టి కాక, లోపల జరిగేదానిని తెలుసుకొని సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది. ముఖ్యంగా లక్ష కిలోమీటర్లు దాటి తిరిగి, ఇప్పుడు ఇంటికీ బడికీ, ఇంటికీ బజారుకీ మధ్య మాత్రమే తిరిగే పాత కారు విషయంలో సామాన్యంగా అందరూ అనుకొనేది ఒకటి, నిజం మరొకటి.

రెండు కార్లు

ఒకే తయారీకి చెందిన రెండు చిన్న కార్లను ఊహించుకొందాం. 1983 డిసెంబరులో మన రోడ్లమీదికి వచ్చి, 2014 జనవరిలో ఉత్పత్తి ఆగిపోయిన మారుతి 800 వంటివి అనుకోవచ్చు. రెండూ ఇప్పటికి 1,30,000 కిలోమీటర్లు తిరిగినవే. మొదటిది ఒక ఉపాధ్యాయునిది. ఆయన ఇంటికీ బడికీ మధ్య దూరం 2 కిలోమీటర్లు. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి కారు కదులుతుంది. రెండవది హైదరాబాదు, విజయవాడల మధ్య తిరిగేది. ఒక్కొక్క ప్రయాణం సుమారు 270 కిలోమీటర్లు.

ఈ రెండింటిలో ఏ కారులోని నూనె త్వరగా చెడిపోతుంది? “ఎక్కువ దూరం తిరిగే కారులోనిదే” అని ఎవరైనా అంటారు. ఉపాధ్యాయుని కారు ఏమంత తిరుగుతున్నదని నూనె మార్చాలి అని కూడా అంటారు. లెక్క వేసి చూద్దాం.

బడి సంవత్సరానికి 220 రోజులు పనిచేస్తుందనుకొంటే, ఉపాధ్యాయుని కారు 440 సార్లు బయలుదేరి 880 కిలోమీటర్లు మాత్రమే తిరుగుతుంది. 10,000 కిలోమీటర్లకు ఒకసారి నూనె మార్చాలని ఎవరో చెప్పిన మాటను పట్టుకొంటే, ఆ నూనె 11 సంవత్సరాలకు పైగా ఇంజనులోనే ఉండిపోవాలి. ఆ లోగా ఇంజను చల్లారిన స్థితి నుండి 5,000 సార్లు మొదలవుతుంది. రెండవ కారు అదే 10,000 కిలోమీటర్లను 37 ప్రయాణాలలో పూర్తిచేస్తుంది. కిలోమీటర్ల మీటరు రెండు కార్లకూ ఒకే అంకె చూపుతుంది. కాని మొదటిది 5,000 చల్లని ఆరంభాలు, రెండవది 37. ఇంజను నూనెకు కష్టం కలిగించేది దూరం కంటె ఈ ఆరంభాలే.

ఇది ఎందువల్లనో తెలుసుకొనడానికి ముందు, ఇంజనులో నూనె చేసే పని ఏమిటో చూడాలి.

లోహానికీ లోహానికీ మధ్య

1883లో ఇంగ్లండులో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలుబండి ఇరుసుల బేరింగులను పరిశీలిస్తూ ఒక విచిత్రం గమనించాడు. ఇరుసు తిరుగుతున్నప్పుడు, బేరింగు పైభాగంలో నూనె పోయడానికి చేసిన రంధ్రం గుండా నూనె లోపలికి పోవడానికి బదులు పైకి ఉబికి వచ్చింది. ఆ రంధ్రానికి కొయ్యబిరడా బిగిస్తే బిరడాను కూడా బయటికి నెట్టివేసింది. పీడనమాపకం అమర్చి చూడగా, బేరింగుమీద ఉన్న సగటు భారం కంటె నూనెలోని పీడనం ఎంతో అధికంగా ఉన్నట్లు తేలింది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణితశాస్త్ర రీత్యా కారణం చెప్పాడు. తిరిగే ఇరుసు తనకు అంటుకొని ఉన్న నూనెను తనతోపాటు ఇరుకు సందులోనికి ఈడ్చుకొని పోతుంది. అక్కడ నూనె చీలమేకువలె దూరి, ఇరుసును బేరింగు నుండి పైకి ఎత్తి పట్టుకొంటుంది. అనగా బాగా నడుస్తున్న యంత్రంలో లోహం లోహాన్ని తాకదు. లోహం నూనెపొర మీద తేలుతుంది.

కారు ఇంజనులో జరిగేదీ ఇదే. పిస్టనుకూ సిలిండరు గోడకూ మధ్య, తిరిగే దండానికీ దాని బేరింగులకూ మధ్య ఉన్నది వెంట్రుక మందం కంటె పలుచని నూనెపొర. ఇంజను ఆగినప్పుడు తిప్పే శక్తి లేక ఆ పొర తెగుతుంది. నూనెలో చాలా భాగం అడుగున ఉన్న తొట్టిలోనికి జారిపోతుంది. మళ్ళీ ఇంజను మొదలైనప్పుడు పంపు నూనెను పైకి తోడి అన్ని మూలలకూ చేర్చేవరకు, ఆ కొద్ది క్షణాలూ లోహాన్ని కాపాడేది అంటిపెట్టుకొని ఉన్న తడి, నూనెలో కలిపిన రక్షక రసాయనాలు మాత్రమే. అరుగుదలలో పెద్ద భాగం ఈ ఆరంభపు వేళల్లోనూ, ఇంజను వేడెక్కేలోపునా జరుగుతుంది.

లీటరు పెట్రోలుకు లీటరు నీరు

చల్లని ఇంజనులో నూనెకు రెండవ శత్రువు నీరు. ఈ నీరు వానవల్ల వచ్చేది కాదు, పెట్రోలు నుండి పుట్టేది. పెట్రోలులోని హైడ్రోకార్బనులలో ఒకటైన ఆక్టేనును తీసుకొందాం. 114 గ్రాముల ఆక్టేను పూర్తిగా మండితే 352 గ్రాముల కార్బను డయాక్సైడు, 162 గ్రాముల నీరు ఏర్పడతాయి. ఉన్నత పాఠశాల విద్యార్థులు రసాయన సమీకరణం వ్రాసి ఈ లెక్కను సరిచూసుకోవచ్చు. లీటరు పెట్రోలు బరువు ముప్పాతిక కిలోగ్రాము ప్రాంతంలో ఉంటుంది కనుక, ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుందన్నమాట.

ఇందులో చాలా భాగం ఆవిరి రూపంలో పొగగొట్టం గుండా బయటికి పోతుంది. చలికాలపు ఉదయాలలో కారు వెనుక తెల్లని ఆవిరి కనిపించడం, గొట్టం చివర నీటిచుక్కలు రాలడం అందరూ చూసేదే. కాని పిస్టను చుట్టూ ఉండే రింగులు ఎంత బిగువుగా ఉన్నా, మండిన వాయువులలో కొంత భాగం వాటి ప్రక్క నుండి క్రిందికి, నూనె ఉన్న గదిలోనికి దూరుతుంది. చాలా కాలం తిరిగి రింగులు, సిలిండరు గోడలు అరిగిన పాత ఇంజనులో ఈ దూరుడు మరింత ఎక్కువ. గది గోడలు చల్లగా ఉంటే ఆ ఆవిరి నీరుగా మారి నూనెలో కలుస్తుంది. అన్నం వార్చేటప్పుడు చల్లని మూతకు ఆవిరి చెమటపట్టినట్లే ఇదీ.

ఉపాధ్యాయుని కారు చల్లని ఇంజనుతో లీటరుకు 10 కిలోమీటర్లే నడుస్తుందనుకొంటే, 2 కిలోమీటర్లకు 200 మిల్లీలీటర్ల పెట్రోలు కావాలి. అంటే ప్రయాణానికి గ్లాసెడు నీరు. సంవత్సరంలో 440 ప్రయాణాలకు 88 లీటర్ల ప్రాంతం. లెక్క కొరకు దీనిలో నూటికి ఒక పాలు మాత్రమే నూనె గదిలోనికి దిగిందనుకొన్నా అది లీటరుకు దగ్గర అవుతుంది. చిన్న కారులో ఉండే నూనె సుమారు 3 లీటర్లు. దిగిన నీరంతా నిలిచిపోదు. గదిలోని గాలిని బయటికి లాగే మార్గం ఒకటి ఉంటుంది, దానిగుండా కొంత పోతుంది. కాని అట్లా పోవడానికి నూనె బాగా వేడెక్కి, ఆ వేడిమిలో కొంతసేపు ఉండాలి.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. కారు ముందు పలకమీది ఉష్ణమాపకం చూపేది ఇంజనును చల్లబరచే నీటి వేడిని మాత్రమే. నూనె దానికంటె నెమ్మదిగా వేడెక్కుతుంది. నీటి ముల్లు మధ్యకు వచ్చి నిలిచిన తరువాత కూడా నూనె పూర్తిగా కాగడానికి పదిహేను, ఇరవై నిమిషాల ప్రయాణం పట్టవచ్చు. రెండు కిలోమీటర్ల ప్రయాణం ఐదు నిమిషాలలో ముగుస్తుంది. వేసవిలో బయట 40 డిగ్రీల ఎండ ఉన్నా, నూనెకు కావలసిన 90, 100 సెంటిగ్రేడు డిగ్రీలకు అది చాలా దూరం. ఆనాటి నీరు ఆవిరి కాకముందే ఇంజను ఆగిపోతుంది. మరునాటి నీరు దానికి తోడవుతుంది.

నూనె మూత విప్పి చూస్తే లోపలి వైపు మజ్జిగ మీది వెన్నలాగా లేతపసుపు జిడ్డు కనిపించడం దీనికి సూచన. నూనె, నీరు కలిసి చిలకబడగా ఏర్పడిన ఎమల్షను అది. అయితే ఒక జాగ్రత్త. ఆ జిడ్డుతోపాటు రేడియేటరులోని నీరు కూడా తగ్గుతూ ఉంటే అది చిన్న ప్రయాణాల ఫలితం కాకపోవచ్చు. సిలిండరు తలకు అడుగున ఉండే గ్యాస్కెటు చెడి నీరు కారుతూ ఉండవచ్చు. అప్పుడు నూనె మార్చడం వైద్యం కాదు, మెకానిక్కుకు చూపించాలి.

పెట్రోలు, ఆమ్లాలు

మూడవ శత్రువు పెట్రోలే. చల్లని ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కనుక ఆరంభంలో ఎక్కువ పెట్రోలు అందించవలసి వస్తుంది. వెనుకటి కార్లలో ఆ పనికి చోకు లాగేవారు. ఇప్పటి కార్లలో ఆ పనిని చిన్న కంప్యూటరు తనంతట తాను చేస్తుంది. మండకుండా మిగిలిన పెట్రోలు సిలిండరు గోడమీది నూనెపొరను కడిగివేస్తూ క్రిందికి జారి తొట్టిలో కలుస్తుంది. పెట్రోలులోని తేలిక భాగాలు 35 డిగ్రీల ప్రాంతం నుండే మరగడం మొదలుపెట్టినా, బరువైన భాగాలు ఆవిరి కావాలంటే 200 డిగ్రీల వరకు వేడి అవసరమవుతుంది. కనుక ఒకసారి నూనెలో చేరిన పెట్రోలు అంత సులభంగా వదలదు; నూనెను పలుచబరుస్తుంది.

ఇందువల్ల ఒక వింత జరుగుతుంది. పాత ఇంజను కొంత నూనెను కాల్చివేస్తూనే ఉన్నా, పెట్రోలూ నీరూ వచ్చి కలవడం వల్ల కొలపుల్లమీద మట్టం తగ్గినట్లు కనిపించదు. “నూనె బొట్టు కూడా తగ్గలేదు” అని సంతోషించే యజమాని నిజానికి కల్తీనూనెను చూస్తూ ఉండవచ్చు. పాలవాడు నీళ్ళు పోసినప్పుడు చెంబులో కొలత తగ్గదు కదా! నూనె పోయకుండానే మట్టం పెరిగినా, పుల్లకు పెట్రోలు వాసన వచ్చినా ఆ నూనెను వెంటనే మార్చవలసిందే.

ఇక దహనంలో పుట్టే నత్రజని ఆక్సైడులు నీటితో కలిసి ఆమ్లాలవుతాయి. ఇంధనంలో గంధకం ఉంటే దానినుండి గంధకామ్లం కూడా పుడుతుంది. మన దేశంలో 2020 ఏప్రిలు నుండి అమ్మే పెట్రోలులో గంధకం కిలోగ్రాముకు 10 మిల్లీగ్రాములకు మించరాదన్న నియమం ఉన్నందువల్ల ఈ రెండవ బాధ బాగా తగ్గింది. మొదటిది మిగిలే ఉన్నది. ఈ ఆమ్లాలను విరచడానికి నూనెలో కాల్షియం, మెగ్నీషియం లోహాల క్షారగుణం గల సమ్మేళనాలను ముందుగానే కలుపుతారు. అవి ఆమ్లాలతో పోరాడుతూ తామే ఖర్చయిపోతాయి. నూనె చూడడానికి శుభ్రంగా ఉన్నా ఈ నిల్వ తరిగిపోయి ఉండవచ్చు. మరొక విధంగా, నూనె నల్లబడినంత మాత్రాన చెడిపోయిందనీ చెప్పలేము. మసిని అడుగున పేరుకోనీయకుండా తనలో పట్టి ఉంచుకోవడం మంచి నూనె లక్షణం.

డబ్బామీది అంకెలు

ఇంతవరకు తెలుసుకొన్నదానిని మనసులో పెట్టుకొని నూనె డబ్బా చేతిలోనికి తీసుకొందాం. దానిమీద 10డబ్ల్యు-30 అనో, 15డబ్ల్యు-40 అనో, 20డబ్ల్యు-50 అనో ఉంటుంది. ఇవి స్నిగ్ధతను, అనగా పారే ద్రవం తన పారుదలను తానే అడ్డుకొనే గుణాన్ని తెలిపే అంకెలు. నీటి స్నిగ్ధత తక్కువ, తేనెది ఎక్కువ. 20 డిగ్రీల వద్ద ఆముదం స్నిగ్ధత నీటికి సుమారు వేయిరెట్లు. అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం 1911లో మొదటిసారిగా ఇంజను నూనెలను స్నిగ్ధతను బట్టి వర్గీకరించింది. ఎన్నో మార్పులు పొంది ఆ పద్ధతే నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది.

రెండవ అంకె నూనె బాగా కాగినప్పటి చిక్కదనాన్ని తెలుపుతుంది. 100 డిగ్రీల వద్ద 30వ తరగతి నూనె స్నిగ్ధత 9.3 నుండి 12.5 సెంటీస్టోకుల లోపు, 40వ తరగతిది 12.5 నుండి 16.3 లోపు, 50వ తరగతిది 16.3 నుండి 21.9 లోపు ఉండాలి. పోలికకు, మామూలు నీటి స్నిగ్ధత సుమారు ఒక సెంటీస్టోకు.

‘డబ్ల్యు’ అనేది శీతకాలాన్ని తెలిపే ‘వింటర్’ అనే ఇంగ్లీషు మాటకు మొదటి అక్షరం. దానికి ముందున్న అంకె చలిలో నూనె ప్రవర్తనను తెలుపుతుంది. ఆ అంకె ఎంత చిన్నదైతే నూనె చలిలో అంత సులభంగా కదులుతుంది. ఈ పరీక్షను 20డబ్ల్యు నూనెకు సున్నకు దిగువ 15 డిగ్రీల వద్ద, 15డబ్ల్యుకు 20 డిగ్రీల దిగువన, 10డబ్ల్యుకు 25, 5డబ్ల్యుకు 30 డిగ్రీల దిగువన చేస్తారు. శీతకాలపు ఉదయాలలో ఆదిలాబాదు ప్రాంతంలో ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు లోపుగా పోవడం కద్దు గాని, ఇంతటి చలి మన ప్రాంతంలో ఎక్కడా లేదు. అందువల్ల మొదటి అంకె మనకు అక్కరలేదని కొందరంటారు. అది పూర్తిగా సరికాదు. 15డబ్ల్యు-40 నూనె స్నిగ్ధత 40 డిగ్రీల వద్ద సాధారణంగా 100 సెంటీస్టోకులకు పైన ఉండి, 100 డిగ్రీలకు వచ్చేసరికి ఏడెనిమిది రెట్లు తగ్గుతుంది. ఇంకా చల్లని ఉదయాన అది ఎంతో చిక్కగా ఉంటుంది. రెండవ అంకె ఒకటే అయినప్పుడు, మొదటి అంకె తక్కువగా ఉన్న నూనె మన ఉదయాలలో కూడా కొంత పలుచగా ఉండి, మూలలకు ముందుగా చేరుతుంది. రోజూ చల్లని ఇంజనుతోనే తిరిగే కారుకు ఈ కొద్దిపాటి మేలు రోజూ దక్కుతుంది.

ఒకే నూనెకు రెండు అంకెలు ఎట్లా వచ్చాయన్న సందేహం కలగవచ్చు. పలుచని నూనెలో పొడవైన గొలుసులవంటి అణువులు గల పదార్థాలను కలుపుతారు. అవి చలిలో ఉండచుట్టుకొని నూనె పారుదలకు అంతగా అడ్డురావు. వేడికి విచ్చుకొని, నూనె మరీ పలుచబడకుండా ఆపుతాయి.

పాత ఇంజనుకు చిక్కని నూనె మంచిదా?

“ఇంజను పాతబడింది, చిక్కని నూనె పోయండి” అనే సలహా షెడ్లలో తరచుగా వినిపిస్తుంది. ఇందులో కొంత నిజం ఉన్నది. అరిగిన బేరింగులలో సందు పెరుగుతుంది. పెరిగిన సందు నుండి పలుచని నూనె త్వరగా జారిపోయి పీడనం తగ్గుతుంది. రింగుల ప్రక్క నుండి పైకి ఎక్కి కాలిపోయే నూనె కూడా ఎక్కువవుతుంది. పొగగొట్టం నుండి నీలిపొగ వస్తూ, కొలపుల్లమీద మట్టం గబగబ పడిపోతూ ఉంటే, కారుతోపాటు వచ్చిన పుస్తకం అనుమతించిన హద్దులలో రెండవ అంకెను ఒక మెట్టు పెంచడం న్యాయమే. 30 నుండి 40కి, 40 నుండి 50కి.

కాని నూనె తాగని, పీడనం సరిగానే ఉన్న ఇంజనుకు కేవలం వయసును చూసి చిక్కని నూనె పోయడం వల్ల మేలు లేదు. లక్ష కిలోమీటర్లు దాటిన ఇంజనులన్నీ ఒకే విధంగా అరిగిపోవు. సకాలంలో నూనె మార్చిన ఇంజను ఆ దూరానికి కూడా గట్టిగానే ఉంటుంది. అటువంటిదానిలో చిక్కని నూనె పోస్తే ఆరంభంలో ఆలస్యంగా చేరుతుంది, పెట్రోలు ఖర్చు కొంత పెరుగుతుంది. దగ్గరి ప్రయాణాల కారులో, నూనె పూర్తిగా కాగి తగినంత పలుచబడే అవకాశమే ఉండదు. కనుక వయసుకోసం పోసిన చిక్కదనం వాడుకకు విరోధమవుతుంది.

ఎక్కువ దూరం తిరిగిన ఇంజనులకోసం ప్రత్యేకంగా తయారుచేసే నూనెలు కూడా ఉన్నాయి. వీటిని అమెరికాలో సామాన్యంగా 75,000 మైళ్ళు, అనగా సుమారు 1,20,000 కిలోమీటర్లు దాటిన కార్లకు ఉద్దేశిస్తారు. వీటిలో ముఖ్యమైన విశేషం రబ్బరు సీళ్ళను మెత్తబరచి కొద్దిగా ఉబ్బించే పదార్థాలు. ఏళ్ళ తరబడి వేడికి గట్టిపడిన సీళ్ళ నుండి నూనె చెమ్మగిల్లుతూ ఉంటే ఇవి ఉపకరిస్తాయి. చిరిగిన సీలును మాత్రం ఏ నూనె కూడా అతకదు. ఎక్కడా కారని ఇంజనుకు ఇవి తప్పనిసరి కావు.

సింథటిక్ నూనె పోస్తే పాత కారు నూనె కారుతుందనే భయం కూడా ఒకటి ఉన్నది. వెనుకటి సింథటిక్ నూనెలు కొన్ని సీళ్ళకు సరిపడక పోవడం వల్ల ఈ మాట పుట్టింది. ఇప్పటివాటిలో ఆ లోపాన్ని సవరించారు. చలిలో బాగా పారడం, వేడికి త్వరగా చెడకపోవడం వాటి సుగుణాలు. అయితే ఖరీదైన సింథటిక్ నూనె కూడా తనలో చేరిన నీటినీ పెట్రోలునూ బయటికి పంపలేదు. ఖరీదైన నూనె పోసి మూడేళ్ళు మరచిపోవడం కంటె, తగిన తరగతికి చెందిన మామూలు నూనెను వేళకు మార్చడం మేలు.

ఎంపిక ఎట్లా?

పై విషయాలన్నిటి సారాంశాన్ని ఉపాధ్యాయుని కారుకు అన్వయిస్తే ఈ విధంగా ఉంటుంది.

మొదట కారుతో వచ్చిన పుస్తకంలో ఉష్ణోగ్రతల వారీగా ఇచ్చిన పట్టికను చూడాలి. మన ఊరి వాతావరణానికి అది ఒకటి కంటె ఎక్కువ తరగతులను అనుమతిస్తే, వాటిలో మొదటి అంకె తక్కువగా ఉన్నదానిని ఎంచుకోవాలి. రెండవ అంకెను పుస్తకం చెప్పినట్లే ఉంచాలి. నూనె తాగుతున్నట్లు మట్టం చూసి రుజువైనప్పుడే, అనుమతి ఉంటేనే ఒక మెట్టు పెంచాలి.

తరువాత అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూటు ఇచ్చే నాణ్యతా గుర్తును చూడాలి. పెట్రోలు ఇంజనుల నూనెకు ‘ఎస్’ అక్షరంతో మొదలయ్యే గుర్తులుంటాయి. ఎస్.ఎన్. 2010లోనూ, ఎస్.పి. 2020లోనూ వచ్చాయి. రెండవ అక్షరం ఎంత తరువాతిదైతే నూనె అంత కొత్త ప్రమాణానికి చెందినది. పుస్తకం చెప్పినదానికంటె పాత గుర్తు గలదానిని వాడరాదు.

చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది గడువు. కారు పుస్తకాలలో ‘కఠినమైన వాడుక’ అనే శీర్షిక ఒకటి ఉంటుంది. చాలామంది దానిని కొండదారులకో, దుమ్ముదారులకో సంబంధించినదని దాటివేస్తారు. నిజానికి 8 కిలోమీటర్లకు లోపు ప్రయాణాలను పలువురు తయారీదారులు ఆ శీర్షిక క్రిందనే చేర్చారు. బడికి మెల్లగా, జాగ్రత్తగా నడిపే ఉపాధ్యాయుని కారు కఠినమైన వాడుకలో ఉన్నట్లే. ఆ శీర్షిక క్రింద నూనె మార్చే గడువు తరచుగా మామూలు గడువులో సగం ఉంటుంది. అటువంటి కారుకు కిలోమీటర్లను కాక మాసాలను లెక్కించాలి. ఆరు మాసాలకు ఒకసారి మార్చడం క్షేమం, సంవత్సరం దాటనీయరాదు. నూనెతోపాటు దానిని వడకట్టే ఫిల్టరును కూడా మార్చాలి.

వారానికో, పదిరోజులకో ఒకసారి కారును ఊరు దాటించి అరగంట, ముప్పావుగంట ఏకధాటిగా నడిపితే నూనె కాగి, చేరిన నీరు చాలావరకు ఆవిరై పోతుంది. ఇంటిముందు నిలబెట్టి ఇంజను ఆడించడం దీనికి బదులు కాదు. నిలిచి ఉన్న ఇంజను నెమ్మదిగా వేడెక్కుతుంది, ఆ సేపంతా పెట్రోలు వృథా అవుతుంది. చిన్న చిన్న పనులను కలిపి ఒకే ప్రయాణంలో ముగించుకోవడం మరొక ఉపాయం. రెండు కిలోమీటర్లకు సైకిలు వాడితే ఇంజనుకు ఏ బాధా లేదని వేరే చెప్పనక్కరలేదు.

మోటారుసైకిళ్ళకు ఒక హెచ్చరిక. చాలా మోటారుసైకిళ్ళలో ఇంజను, గేర్లు, క్లచ్చి ఒకే నూనెలో మునిగి ఉంటాయి. కారుకు ఘర్షణ తగ్గించడానికి ప్రత్యేకంగా చేసిన నూనెను వాటిలో పోస్తే క్లచ్చి పట్టు జారవచ్చు. డబ్బామీద ‘జాసో ఎం.ఎ.’ అనే గుర్తు గల నూనెను మాత్రమే వాటికి వాడాలి.

తరగతిలో చేయదగిన ప్రయోగం

రెండు పొడవైన పరీక్షనాళికలలో ఒకే నూనెను సమానమైన ఎత్తుకు పోయాలి. ఒకదానిని మంచునీటిలో, మరొకదానిని వేడినీటిలో అరగంట నిలపాలి. నూనెను మంటమీద పెట్టరాదు. ఒకే పరిమాణం గల చిన్న గాజుగుండ్లను రెండింటిలోనూ వదలి, అడుగుకు చేరడానికి పట్టే కాలాన్ని గడియారంతో కొలవాలి. చల్లని నూనెలో గుండు ఎంత తాపీగా దిగుతుందో చూసిన విద్యార్థికి, చలివేళ ఇంజనులో నూనె ఎందుకు ఆలస్యంగా చేరుతుందో చెప్పనక్కరలేదు. 1851లో జార్జి స్టోక్స్ కనుగొన్న సూత్రంతో పై తరగతుల విద్యార్థులు రెండు నూనెల స్నిగ్ధతలను పోల్చి లెక్కకట్టవచ్చు. ఒక సీసాలో కొంచెం కొత్త ఇంజను నూనె, కొన్ని నీటిచుక్కలు పోసి గట్టిగా కుదిపితే, మూత క్రింద కనిపించే ఆ తెల్లని జిడ్డు ఎట్లా పుడుతుందో కూడా తెలుస్తుంది.

ప్రయోగం తరువాత గాని, కారుకు నూనె మార్చిన తరువాత గాని ఆ నూనెను కాలువలోనో, నేలమీదనో పారబోయరాదు. 2016 నాటి కేంద్రప్రభుత్వ నియమాలు వాడిన నూనెను ప్రమాదకర వ్యర్థంగా పరిగణిస్తున్నాయి. దానిని మూత గల డబ్బాలో నిలువచేసి, వాడిన నూనెను సేకరించే షెడ్డుకు ఇవ్వాలి. చేతులను సబ్బుతో బాగా కడుగుకోవాలి.

ఎడ్లబండి తోలేవాడు ఊరికి దూరమా, దగ్గరా అని చూడలేదు. బండి కట్టిన ప్రతిసారీ కందెన సంగతి చూసుకొన్నాడు. దగ్గర దారుల్లో తిరిగే పాత కారు కోరేది కూడా అదే. మీటరు ఎన్ని కిలోమీటర్లు చూపిందన్నది కాదు, ఇంజను ఎన్నిసార్లు చల్లగా లేచి, వేడెక్కకుండానే ఆగిందన్నది దాని అసలు లెక్క.